సాగనంపిన సారె

కొండల్లో కోపిష్ఠిగా పుట్టిన చిత్రవేణి నది, సైకతపురి మైదానానికి వచ్చేసరికి అత్తవారింటికి అలవాటుపడిన కోడలిలా నెమ్మదిస్తుంది. రెండు ఒడ్డుల వెంటా ఉప్పు ఆరబోసినట్టు తెల్లని ఇసుక. ఇసుక దాటితే అరటితోటలు, తోటల మీదుగా మంచులో తేలుతున్న రాజధాని బురుజులు. ఆ బురుజులకీ నదికీ నడుమ మాడిన కుండ బోర్లించినట్టు నల్లగుట్ట. గుట్ట గుహలో ధూమకంఠుడనే మాంత్రికుడు ఉన్నాడనీ, మూడు రాజ్యాల్లో మనుషుల్ని పిట్టల్లా రాలుస్తున్న ఎర్రపొక్కుల జ్వరం అతని ఊపిరేననీ లోకం చెప్పుకుంటుంది.

ఆ ఉదయం కలువరేవులో పూసలమ్మేవాళ్ల పడవ ఒకటి వచ్చి ఆగింది. పడవలోని పడుచువాడు గిరికూటం యువరాజు హేమాంగదుడు. అతనికి మేనమామగా వేషం కట్టినవాడు అంగరక్షకుడు గండప్ప. వెనకెప్పుడో జ్వరం వచ్చి బతికి బయటపడ్డవాడు కనక అతని మొహమంతా స్ఫోటకపు గుంటలే.

మర్నాడు సైకతపురిలో మూడు రాజ్యాల సభ. పైన గిరికూటం, నడుమ వేత్రపురి, కింద సైకతపురి, మూడూ తాగేది ఒకే నది నీళ్లు. ఏ రాజ్యానికా రాజ్యం ఈ జ్వరాన్ని తరమలేదు, ముగ్గురూ ఒకే పద్ధతి పెట్టుకోవాలి అన్న ఆలోచన హేమాంగదుడిదే. తాగునీటికి వేరే రేవు, రోగులకు ఊరి బయట వేరే శాల, సరిహద్దుల్లో వైద్యుల కాపలా. ఆ ఏర్పాట్లన్నీ పాఠంలా వల్లెవేసుకుంటూ వచ్చాడు. వాటన్నిటికంటే ముందు చెప్పాలనుకున్న మాట మాత్రం వేరు: 'ముందు కిందిరాజ్యం వాళ్లకు శుభ్రత నేర్పాలి.' జ్వరం అందరికంటే ఎక్కువగా తింటున్నది సైకతపురినే గదా! ఆ మురికేదో కళ్లారా చూసి సభలో వర్ణించాలనే ఈ మారువేషం.

"అల్లుడూ, ముక్కు మూసుకోమన్నావు. ఎప్పటినించి మూసుకోను?" అన్నాడు గండప్ప, చుట్టూ చూస్తూ.

హేమాంగదుడు కూడా చూశాడు. రేవుమెట్లు ఇసుకతో తోమి ఉన్నాయి. ఎగువన బిందెలు ముంచేచోటికీ దిగువన బట్టలు ఉతికేచోటికీ మధ్య నీళ్లకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు దాటి ఒక్క బాతు కూడా ఇటు రాకుండా గడకర్రతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

మెట్ల మీద పండగ సందడిగా ఉంది. ఆడవాళ్లు పసుపు పూసుకుని, హారతిపళ్లేలతో ఒక తెప్ప చుట్టూ మూగి ఉన్నారు. రేవుకి పెద్ద, పడవలు నడిపే చిలకసాని, నడుముకు కొంగు బిగించి తెప్పమీద నిలబడి పంపకం చేస్తోంది.

"పూసలా? ఇవాళ నీ పూసలెవరికి కావాలి శెట్టీ! మాకు పుట్టింటి సారె దిగింది," అంది ఆమె నవ్వుతూ. "ఒసే గవరీ, ఆ దుప్పటి నీకు కాదు, బాలింతరాలికివ్వు. పిల్లాడి చొక్కా ఎవరికి కావాలే? చిన్న మరక ఉంది, నానబెడితే పోతుంది."

"ఎవరిది తల్లీ, ఆ పుట్టిల్లు?" అని అడిగాడు గండప్ప.

"మా అందరిదీ. మా తాతమ్మల కాలంలో గిరికూటం రాకుమార్తె ఇక్కడికి కోడలుగా వచ్చిందట. ఆమె వెంట వచ్చిన ఆడపిల్లలంతా ఈ ఒడ్డునే కాపురాలు పెట్టారు. మేం వాళ్ల మునిమనవరాళ్లం. అప్పటినించీ ఏడాదికి రెండుమూడుసార్లు ఇలా పసుపూకుంకాలు, గాజులు, చీరలు, పరుపులు, ఆఖరికి దువ్వెనలు కూడా పంపుతారు. ఏ పుట్టిల్లు ఇంత తలుచుకుంటుంది, చెప్పు!"

హేమాంగదుడి చూపు తెప్పకు కట్టిన మోకు మీద పడింది. చిలకముక్కులా మడిచిన ముడి. గిరికూటం రాజవంశంవాళ్లు తప్ప ఎవరూ వెయ్యని ముడి. దాని కొస కత్తితో ఒక్క వేటున తెగి ఉంది.

ఆ వేటు అతనిదే.

గిరికూటంలో జ్వరం వచ్చినప్పుడు అమ్మవారిని సాగనంపుతారు. చనిపోయినవాళ్ల పక్కబట్టలు, చీరలు, ఆటబొమ్మలు, గాజులు తెప్పకెత్తి, అత్తవారింటికి వెళ్లే ఆడపిల్లను అలంకరించినట్టు అలంకరిస్తారు. యువరాజు అన్నిటికన్నా మంచి బట్ట తన చేతులతో పైన కప్పి, 'మా పొలిమేర దాటు తల్లీ' అని మోకు నరుకుతాడు. డప్పులు మోగుతాయి. జనం వెనక్కి తిరిగి చూడకుండా ఇళ్లకు పోతారు. వెనక్కి తిరిగి చూడకూడదన్నది నియమం. అందుకే ఆ తెప్ప ఎక్కడికి పోతుందో అతను ఎన్నడూ చూడలేదు. అడగనూ లేదు.

"పోయిన సారె వచ్చిన వెనకే మా చెల్లెలి బిడ్డలిద్దర్నీ జ్వరం పొట్టనబెట్టుకుంది," అంటోంది చిలకసాని, ఒక ఊలుశాలువా మడత విప్పి భుజాన కప్పుకుంటూ. "అది ఏడుస్తుంటే నేనే అన్నాను, ఏడవకే, మనకి కష్టం వస్తుందని పుట్టింటివాళ్లకి ముందే తెలుస్తుంది కాబోలు, అందుకే ఆదుకుంటున్నారని. ఏమయ్యా పడుచోడా, మీ మామ మాట కొండయాసలా ఉందే? అయితే నాకు తమ్ముడి వరస. ఇందా, ఈ పంచె నువ్వుంచుకో."

హేమాంగదుడు చెయ్యి చాచలేదు. చెప్పాలనుకున్నాడు. ఇంత నవ్వుతున్న మొహంమీద ఆ మాట ఎలా విసరడం?

"అయ్యో, సిగ్గుపడుతున్నాడు!" అని నవ్వారు ఆడవాళ్లు.

"తెప్ప పైన కప్పిన పట్టు ఏది?" అన్నాడు ఎట్టకేలకు. "చిలకపచ్చది."

"నీకెలా తెలుసు? పచ్చపట్టే. పైన పిల్లమడుగులో తెప్ప మొన్నంతా చిక్కుకున్నా దానికి నీటిచుక్క తగల్లేదు. అంత మంచిది మేం కట్టుకుంటామా? కోటకి పంపించాం. రాణీగారిది కూడా ఆ పుట్టిల్లేగా. ఇవాళ బాబుని ఉయ్యాల్లో వేస్తున్నారు, ఆ పట్టు పరిచే వేస్తారట!"

సైకతపురి రాణి చారుశీల హేమాంగదుడి అక్క. ఆ పచ్చపట్టు మంత్రిగారి కూతురు కన్నుమూసినప్పుడు ఒంటిమీద ఉన్నది.

అతను గండప్పను పక్కకు లాగాడు. "ఈ బట్టలు ఎవరూ ముట్టకుండా చూడు. నిన్ను జ్వరం మళ్లీ ముట్టదు."

"ఏమని చెప్పి ఆపను?"

"ఏదో ఒకటి చెప్పు."

"నిజం చెప్పనా?"

హేమాంగదుడు తల తిప్పుకున్నాడు. రేవులో మేస్తున్న కంచరగాడిదను ఎక్కి, నల్లగుట్ట వైపు తోలాడు. కోటకు బాటన వెళితే మధ్యాహ్నం అవుతుంది. గుహ అవతలి నోరు కోట వైపే తెరుచుకుంటుందని అంటారు. గుట్ట కడుపులోంచి వెళితే ఉయ్యాల వేళకు అందవచ్చు.

గుహ నోట్లో అడుగుపెట్టగానే గాడిద మొరాయించి వెనక్కి పారిపోయింది. అతను కాలినడకన ఉరికాడు. లోపల నీలిమంటలు గోడల వెంట పాకుతున్నాయి. నేల బురద అంబలిలా కుతకుత ఉడుకుతూంటే, అందులో తేలుతున్న రాతిపలకల మీదుగా గెంతాడు. ఆఖరి పలక నిజానికి పలక కాదు, ముడుచుకు పడుకున్న కొండచిలువ. అది తల ఎత్తేలోగా దాని వీపుమీదే కాలు మోపి అవతలి గట్టుకు దూకాడు. గట్టుమీద, గొంతులోంచి పొగ వదులుతూ, ధూమకంఠుడు కూర్చుని ఉన్నాడు. పక్కన మనిషంత రాతిబొమ్మ.

హేమాంగదుడు కత్తి దూశాడు.

"కత్తి ఎందుకు బాబూ, పోయేవాణ్ణి ఆపుతానా!" అన్నాడు మాంత్రికుడు తాపీగా. "తెప్పలు వెళ్లడం ఏళ్లుగా చూస్తున్నాను. ఆ జ్వరం నాది కాదని నీకూ నాకూ తెలుసు. ఒక తలనొప్పి కూడా తెప్పించలేను నేను. కానీ ఈ బొమ్మను చూశావా? ఎవరో ఒకరు భయంతో నా పేరెత్తినప్పుడల్లా ఇది కొంచెం పెరుగుతుంది. ఇప్పుడు నువ్వు కోటలో నా పేరు చెపుతావు."

"నేనా? చచ్చినా చెప్పను!"

"చెపుతావు. నేను అడగక్కర్లేదు కూడా. పరువుగల వంశం మీది." పొగ రెండుగా చీలి దారి ఇచ్చింది. వెనకనుంచి నవ్వు మాత్రం గుహ చివరివరకూ అతనికి తోడు వచ్చింది.

కోట సింహద్వారం దగ్గర భటులు పూసలవాణ్ణి ఆపారు. అతను రాజముద్ర ఉంగరం చూపించి, తలపాగా ఊడిపోతున్నా లెక్కచెయ్యకుండా మేడమెట్లు ఎక్కాడు. పైన పెద్దహాలులో మల్లెదండలు చుట్టిన బంగారు ఉయ్యాల. చుట్టూ ముత్తైదువలు, మంత్రులు, సభకని ముందే వచ్చిన వేత్రపురి రాజు. దాది చేతుల్లో పసివాడు. చారుశీల ఆ పచ్చపట్టును భుజాన వేసుకుని, మడతలు సవరిస్తూ ఉయ్యాల వైపు నడుస్తోంది.

"అక్కా! అది పడెయ్!"

"ఏమిట్రా ఆ వేషం?" అంది చారుశీల నవ్వబోతూ. తమ్ముడి మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

ఎదురుగా బావ సుభానుమహారాజు, పక్కన పరాయి రాజు, చుట్టూ తన వంశాన్ని పొగుడుతూ పాటలు పాడే ముత్తైదువలు. అందరూ అతని నోటివైపే చూస్తున్నారు. ఒక్క క్షణం. ఆ క్షణంలో అతని నోటినుంచి వచ్చిన మాట తాను అనుకున్నది కాదు.

"ధూమకంఠుడు... దానిమీద చేతబడి చేశాడు!"

దూరంగా నల్లగుట్ట వైపు నేల ఒక్కసారి దద్దరిల్లింది. "విన్నారా!" అని కేకలు లేచాయి. వేత్రపురి రాజు కత్తి దూసి, "సభ ఎందుకు, సైన్యం చాలు! రేపే గుట్టను ముట్టడిద్దాం!" అన్నాడు. దండోరా వేసేవాళ్లు ఊరిమీదకు పరుగెత్తారు. వాళ్ల డప్పులు వీధి వీధికీ ధూమకంఠుడి పేరు మోసుకుపోయాయి. ఒక్కొక్క వీధికీ నేల మళ్లీ మళ్లీ అదిరింది.

ప్రమాదం తప్పిందనుకున్నాడు హేమాంగదుడు. తన పరువూ దక్కింది, అక్కా దక్కింది.

"చేతబడేగా!" అన్నాడు ఆస్థాన పురోహితుడు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ. "నేనింకా ఏమిటో అనుకున్నాను. దానికి విరుగుడు నా దగ్గరుంది మహారాణీ." మంత్రాలు చదివి, రాగిచెంబులోని పసుపునీళ్లు పట్టుమీద చిలకరించాడు. "దోషం పోయింది. ఇక నిశ్చింతగా పరుచుకోవచ్చు. పుట్టింటి పట్టు, పారేయకూడదు."

"నాకూ పారెయ్యబుద్ధి కాలేదు," అంది చారుశీల. "అమ్మ పెట్టెలో వాసనే వస్తోంది దీనికి." ఆమె పట్టును రెండు చేతులతో దులిపి ఉయ్యాల మీదికి ఎత్తింది. దాది పసివాణ్ణి ముందుకు చాచింది.

హేమాంగదుడు ఉయ్యాలకీ అక్కకీ మధ్య పడ్డాడు.

"దోషం పోలేదు! అది చేతబడి కాదు. నేను అబద్ధం చెప్పాను. ఆ పట్టు కప్పుకుని మంత్రిగారి అమ్మాయి పోయింది. తెప్పమీద కప్పింది నేనే, మోకు నరికింది నేనే. సారె కాదక్కా అది. సాగనంపు. మా ఊళ్లో చచ్చినవాళ్ల బట్టలన్నీ మీ రేవుకే వస్తున్నాయి. ఎప్పటినించో."

ఒక ముత్తైదువ తన చేతి గాజులు చూసుకుంది. అవి తెప్పలో వచ్చినవే. ఇంకొకామె కట్టుకున్న చీరను ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది. ఎటు పోవాలో, దాన్ని ఎక్కడ విప్పాలో తెలియక అలాగే పట్టుకుని ఉంది. హేమాంగదుడు నేల చూశాడు. ఎటు చూసినా ఎవరో ఒకరి కళ్లు ఉన్నాయి.

మొదట తేరుకున్నది చారుశీల. "ఎవరూ నా దగ్గరికి రావద్దు. తలంటుకుని ఇప్పుడే వచ్చాను, పొద్దుటినించీ బాబుని ఎత్తుకోలేదు. వాణ్ణి దూరంగా తీసుకుపొండి. దాదీ, పాలకి వేరే తల్లిని చూడు." పట్టును ఉండచుట్టి ఛాతీకి అదుముకుని, పక్కనున్న పూజగదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుంది.

హేమాంగదుడు తలుపు దగ్గర మోకరించాడు. "అక్కా..."

"అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలియదు. వెనక్కి తిరిగి చూడకూడదు గదా."

లోపలినించి ఆమె గొంతు, తడిగా ఉన్నా స్థిరంగానే వచ్చింది. "రేపు సభలో నువ్వు చెప్పదలచుకున్నవన్నీ మంచివే. రేవులు, శాలలు, కాపలాలు. నాన్నగారి మనిషి వచ్చి నాకు చెప్పాడు, నా తమ్ముడు ఎంత తెలివిగలవాడో అని మురిసిపోయాను. కానీ మొదటిమాట మార్చు. మా ఇంటి జబ్బును మా ఇంట్లోనే కాల్చుకుంటాం, మా ఇంట్లోనే ఉడకబెట్టుకుంటాం, జ్వరం తగలగానే పక్కవాడికి కబురు చేస్తాం అని ముగ్గురు రాజులూ ప్రమాణం చెయ్యాలి. అది లేకుండా మిగతావన్నీ నీళ్లమీద ముగ్గులే."

"చేయిస్తాను. కానీ అక్కా, నాన్నగారు నిన్నటి పౌర్ణమికి ఇంకా పెద్ద తెప్ప కట్టించారు. నేను లేకున్నా మోకు నరికించి ఉంటారు. సాయంత్రానికి నల్లగుట్ట పక్కన నది ఇరుకయ్యే చోటికి వస్తుంది."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం?" అంది చారుశీల.

సుభానుమహారాజు తన గుర్రాన్ని ఇచ్చాడు. కనపడ్డప్పుడల్లా బావమరిదిని ఆటపట్టించే మనిషి, ఆవేళ ఒక్క మాట అనలేదు. కళ్లెం చేతికిచ్చి, మొహం తిప్పుకుని, పూజగది తలుపుకు ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు. ఆయన ఒక తిట్టు తిట్టి ఉంటే హేమాంగదుడికి ఆ దారి కొంచెం తేలికగా ఉండేది.

బాట పొడవునా డప్పులే. 'ధూమకంఠుడు! ధూమకంఠుడు!' అతను ఒక దండోరావాణ్ణి ఆపి, అది అబద్ధమని చెప్పాడు. వాడు నవ్వి, "నిజం కోటలోంచి వచ్చింది బాబూ, సాక్షాత్తూ యువరాజే చెప్పాడట!" అని డప్పు మరింత గట్టిగా కొట్టాడు. తన అబద్ధం తనకంటే మంచి గుర్రం ఎక్కింది. అరటితోటలు దాటి నది కనపడేసరికి అతను కళ్లెం లాగి పట్టాడు. నల్లగుట్ట ఇరుకులో, నడుములోతు నీళ్లలో కాళ్లు పాతి, గుహలోని రాతిబొమ్మే తాటిచెట్టును మించిన రాతిభూతమై నిలబడి ఉంది. దాని తల ఇంకా పెరుగుతూనే ఉంది.

కలువరేవులో గండప్ప తెప్ప మధ్య బట్టలమూట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్లు.

"లేస్తావా లేదా? కడుపునొప్పయితే మా సారెమీద కూచోవాలా? ఏ ఊరి వైద్యమయ్యా అది!"

"లేస్తే ఇంకా నొప్పమ్మా," అంటున్నాడు గండప్ప దీనంగా. యువరాజును చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. అలవాటుకొద్దీ చేతులు జోడించాడు.

ఆ జోడించిన చేతులు చిలకసాని చూసింది. తలపాగా లేని మొహాన్ని, రాజుగారి గుర్రాన్ని చూసింది. "నువ్వెవరివి?" అంది.

భూతం వైపు చెయ్యి చూపి, పారిపొమ్మని కేకవేస్తే చాలు, అంతా పరుగెత్తేవాళ్లు. హేమాంగదుడు గుర్రం దిగి, మెట్లమీద ఆమెకంటే కింద మెట్టున నిలబడ్డాడు. తాను ఎవరో చెప్పాడు. తెప్ప ఏమిటో, సాయంత్రానికి ఇంకో పెద్దతెప్ప వస్తోందనీ చెప్పాడు. పొద్దున తెలిసీ చెప్పకుండా వెళ్లిపోయానని కూడా చెప్పాడు.

చిలకసాని భుజంమీది శాలువా అంచు వేళ్లతో పట్టుకుని చూసింది. "అయితే మా చెల్లెలి పిల్లలు..." అని ఆగింది. ఉన్నట్టుండి శాలువా లాగి, ఉండచుట్టి, నదిలోకి విసరడానికి చెయ్యెత్తింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె దిగువకు చూస్తోంది. అక్కడ, మెరిసే నీళ్ల అంచున, చేపలు పట్టేవాళ్ల లంకల్లో పొయ్యిల పొగ లేస్తోంది.

"పిల్లలు పోయాక వాళ్ల పక్కబట్టలు..." అంది చిలకసాని. "పక్కబట్టలు మేమూ ఏట్లోనే వదిలాం నాయనా. వెనక్కి చూడకుండా."

రేవులో ఒక్కరూ తల ఎత్తలేదు. తాడు దగ్గర ముసలమ్మ గడకర్ర కింద పెట్టేసింది.

చిలకసాని శాలువాను తెచ్చి మెట్లమీద, నీళ్లకు దూరంగా పెట్టింది. "గవరీ, రంగులు ఉడికించే కాగు తే. ఉడికేవి ఉడకెయ్యండి, ఉడకనివి కాల్చండి. లంకలకి ఎవరైనా పడవమీద పొండి." తర్వాత మెట్లు దిగి, తన పడవలో చుక్కాని పట్టుకుంది. హేమాంగదుడివైపు చూడకుండానే, "ఎక్కు," అంది. "క్షమించానని కాదు. ఆ తెప్ప రేవుకు రాకముందే ఆపాలి. ఆ ఇరుకులో సుడులు నాకు తప్ప ఎవరికీ తెలియవు."

గండప్ప తెడ్డు అందుకున్నాడు. పడవ ఏటికి ఎదురీదుతూ ఇరుకు వైపు తిరిగింది. ఎగువ మలుపులో, పూలదండలతో, పసుపు పతాకాలతో కొత్తపెళ్లికూతురిలా మెరుస్తూ, పెద్దతెప్ప కనపడింది. దాని వెనక ఎక్కడా మనిషి లేడు. దానికీ వీళ్లకీ మధ్య రాతిభూతం మెల్లగా వంగి, పడవను చూసి, నీళ్లలోంచి ఒక కాలు పైకెత్తింది. పడవలో ఎవరూ ధూమకంఠుడి పేరెత్తలేదు; చిలకసాని చుక్కానిని తెప్ప వైపే తిప్పింది.